ఎనిమిదేళ్ల చిన్న డిష్‌వాషర్: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నిజాంపేటలో ఆరుగురున్న ఇల్లు. 2017 దసరాకి కొన్న డిష్‌వాషర్, వంటింటి గట్టు మీద పెట్టుకునే చిన్న రకం, ఎనిమిది ప్లేస్ సెట్టింగులది (ఒక మనిషి భోజనానికి వాడే గిన్నెల సెట్టుని ఒక ప్లేస్ సెట్టింగ్ అంటారు). రోజుకి రెండుసార్లు వేస్తారు. బోరు నీళ్లు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. కొన్ని నెలలుగా గిన్నెల మీద తెల్లటి పొర వస్తోంది, ప్రోగ్రామ్ అయ్యాక కూడా గిన్నెలు చల్లగా, తడిగా ఉంటున్నాయి. ఇప్పుడేమో మొదలుపెట్టిన పావుగంటకే ఆగిపోతోంది, అడుగున నీళ్లు నిలిచిపోతున్నాయి, గుయ్‌మని శబ్దం వస్తోంది. ఇంటికొచ్చిన టెక్నీషియన్ పది నిమిషాలు చూసి "బోర్డు, పంపు రెండూ పోయాయి, 9,500 అవుతుంది" అన్నాడు. బోర్డంటే మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. కొత్తది 26,000. మీ అత్తగారు కీళ్ల నొప్పులతో సింకు దగ్గర నిలబడలేరు, అందుకని త్వరగా తేల్చుకోవాలి.

నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఇంటి యంత్రాల రిపేరు పనిలో ఉన్నాను. నా మాట ముందే చెప్తాను. 9,500కి ఇప్పుడే ఒప్పుకోకండి. కొత్తదానికీ ఈ వారం డబ్బు కట్టకండి. మీ మెషీన్‌లో ఏ భాగం పోయిందో ఇంకా ఎవరూ పరీక్షించి చూడలేదు. అది ఎందుకు పోయిందన్నది అసలు ఎవరూ అడగలేదు. ఈ రెండూ తెలియకుండా 9,500 పెట్టినా, 26,000 పెట్టినా ఆ డబ్బుకి భరోసా లేదు.

మీరు రాసిన లక్షణాల్ని బట్టి నాకు తోచింది ఇది. లైట్లు వెలుగుతున్నాయి, నీళ్లు పట్టుకుంటోంది, మొదటి పది పదిహేను నిమిషాలు నడుస్తోంది. బోర్డు పూర్తిగా పోయిన మెషీన్ ఇంత పని చేయదు. గిన్నెలు నెలల తరబడి చల్లగా వస్తున్నాయంటే నీళ్లు వేడెక్కడం లేదు. అది హీటర్ వైపు చూపిస్తోంది. అడుగున నీళ్లు, గుయ్‌మనే శబ్దం, ఈ రెండూ కలిస్తే వాడిన నీళ్లని బయటికి తోసే డ్రెయిన్ పంపుకి కరెంటు అందుతోంది గానీ లోపల ఏదో అడ్డుపడి తిరగలేకపోతోందని అర్థం. పంపు కాలిపోతే సాధారణంగా శబ్దమే రాదు. అంటే మీ దగ్గర రెండు వేర్వేరు జబ్బులున్నాయి, ఒకటి నెలల కిందటిది, ఇంకొకటి కొత్తది. రెండూ ఒకేసారి కనిపించేసరికి ఆ టెక్నీషియన్ అబ్బాయి బోర్డు మీదికి తోసేశాడు.

పంపు సంగతి మీరే చూడొచ్చు. ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ బయటికి రావాలి. కింది ట్రే తీసేసి, అడుగున ఉన్న నీళ్లని చిన్న గ్లాసుతో, స్పాంజితో తోడేయండి. జాలీ ఫిల్టర్‌ని తిప్పి పైకి తీయండి. దాని కింద గుంటలో, ఒక పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చాలా మోడళ్లలో అది చేత్తోనో చెంచా కాడతోనో ఊడొస్తుంది, కొన్నింటిలో ఒక స్క్రూ ఉంటుంది. మూత తీస్తే పంపు చక్రం కనిపిస్తుంది. చేతికి రబ్బరు గ్లౌజు వేసుకునే వేలు పెట్టండి, పగిలిన గాజు ముక్క ఉండొచ్చు. చక్రాన్ని మెల్లగా తిప్పండి. అయస్కాంతం ఉండటం వల్ల కొంచెం పట్టి పట్టి తిరుగుతుంది, అది మామూలే. అసలు కదలకపోతే అడ్డు అక్కడే ఉంది.

మన ఇళ్లలో నేను తీసినవి చెప్తాను: చింతగింజలు, కరివేపాకు ఈనెలు, ఎండుమిర్చి తొడిమలు, టూత్‌పిక్ ముక్కలు, కుక్కర్ లేబుల్ కాగితం, ఒకసారి పిల్లల చెవిపోగు. ఆవాలైతే పంపుకంటే పైన, నీళ్లు చిమ్మే స్ప్రే ఆర్మ్ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. పోపు గిన్నె విదిలించకుండా పెడితే ఒక్క నెలలో సగం రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ ఆర్మ్‌ని ఊడదీసి, ట్యాప్ కింద పెట్టి, పిన్నీసుతో ఒక్కో రంధ్రం పొడిస్తే సరిపోతుంది.

చక్రం బాగా తిరుగుతోందా? అయితే డ్రెయిన్ పైపు చూడండి. సింకు కింద కలిపిన చోట పైపు ఊడదీసి బకెట్లో పెట్టి, మెషీన్‌కి ప్లగ్ పెట్టి, నీళ్లు బయటికి పంపే దశ నడిపించండి. బకెట్లోకి ధారగా వస్తే తప్పు మెషీన్‌ది కాదు, సింకు ట్రాప్‌ది, అంటే సింకు కింద ఉండే వంపు పైపుది. జిడ్డు పట్టిన ట్రాప్ వల్ల ఆగిన మెషీన్లకి ఎంతోమంది కొత్త పంపు వేయించుకున్నారు, ఆ కొత్త పంపు కూడా వారానికే ఆగింది. మా దగ్గరికి అలా వచ్చిన ఒక ఇంట్లో పంపు రెండుసార్లు మార్చారు, సింకు కింద ఎవరూ తలపెట్టి చూడలేదు. ఆ ఇంటావిడ ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరు. ఆమె దగ్గర అనవసరంగా తీసుకున్న ఆ డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక హీటర్. దీనికి మల్టీమీటర్ ఉన్న మనిషి కావాలి. ప్లగ్ తీసి ఉండగా, హీటర్ వైర్లు విడదీసి ఓమ్స్, అంటే తీగ కరెంటుకి ఎంత అడ్డు ఇస్తుందో, కొలవాలి. ఈ చిన్న మెషీన్లలో హీటర్ సాధారణంగా 1,500 నుంచి 2,000 వాట్లది. 230 వోల్టులకి లెక్క వేస్తే 35 నుంచి 26 ఓమ్స్ మధ్య రావాలి. మీటరు ఏమీ చూపించకపోతే తీగ తెగింది, హీటర్ పోయింది. ముప్పై దగ్గర చూపించినా నీళ్లు వేడెక్కడం లేదంటే, హీటర్‌కి కరెంటు ఇచ్చే బోర్డులోని రిలే గానీ, నీటి వేడిని కొలిచే సెన్సర్ గానీ, నీళ్ల ఒత్తిడి చూసే స్విచ్ గానీ అనుమానించాలి. బోర్డు పేరు ఎత్తాల్సింది అక్కడ, అంతకుముందు కాదు. రెండు నిమిషాల పరీక్ష ఇది. వచ్చిన వాళ్లని "హీటర్ ఎన్ని ఓమ్స్ చూపించింది?" అని అడగండి. చెప్పగలిగిన వాడికి పని ఇవ్వండి. "మేడమ్, మీకు అర్థం కాదు" అన్నవాణ్ని పంపించేయండి.

ఒక జాగ్రత్త. మెషీన్ వేడెక్కే సమయంలో ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి కారితే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోందంటే, హీటర్ పైపొర పగిలి కరెంటు నీళ్లలోకో బాడీలోకో కారుతోందని అర్థం. దాన్ని మళ్లీ మళ్లీ పైకెత్తి నడపకండి. ఆ స్విచ్ మీ ప్రాణం కాపాడుతోంది. ఆ సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అపార్ట్‌మెంట్లలో మూడు కన్నాల సాకెట్ ఉండి, వెనక ఎర్త్ వైరే లేని ఇళ్లు చాలా చూశాను.

బోర్డు నిజంగానే పోయిందని తేలినా, అది ఎందుకు పోయిందో చూడాలి. మన దగ్గర మూడు కారణాలు ఎక్కువ: వోల్టేజీ ఎగుడుదిగుడులు, తేమ, బొద్దింకలు. నవ్వకండి, బొద్దింకలకి బోర్డు వెచ్చదనం ఇష్టం. అవి లోపల గూడు పెడితే రెట్టల వల్ల బోర్డు మీది సన్నని రాగి పట్టాలు తుప్పు పడతాయి. రెండు పాయింట్ల మధ్య చచ్చిపడిన బల్లిపిల్ల వల్ల కాలిన బోర్డు కూడా నా చేతుల్లోకి వచ్చింది. ఇలా ఒక రిలేనో, ఒక కెపాసిటరో పోయిన బోర్డుని కొత్తది వేయకుండానే బాగుచేసేవాళ్లున్నారు. ఆ విడి సామాన్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొత్త బోర్డు ధరలో చిన్న భాగానికి పని అయిపోతుంది. నల్లగా కాలి, పట్టాలు లేచిపోయిన బోర్డుని మాత్రం బాగుచేయించవద్దు. అది మళ్లీ పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు మొదటి ఏడాది తప్ప మళ్లీ మెషీన్ లోపలి డబ్బాలో డిష్‌వాషర్ ఉప్పు వేయలేదని రాశారు. తెల్ల పొరకీ హీటర్ జబ్బుకీ మూలం అక్కడే ఉందని నా నమ్మకం. హైదరాబాద్ గ్రానైట్ బండ మీద కూర్చున్న ఊరు. మన బోరు నీళ్లు ఆ రాతి పగుళ్లలోంచి వచ్చేవే, కాల్షియం, మెగ్నీషియం మోసుకొస్తాయి. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్ల గట్టితనం, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. పడమటి వైపు కాలనీల్లో 600 దాటిన బోర్లు నేను చాలాసార్లు కొలిచాను. మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలోని మెషీన్లకీ, బోరు నీళ్ల మెషీన్లకీ తేడా విప్పగానే కంటికి కనిపిస్తుంది.

డిష్‌వాషర్ లోపల ఒక చిన్న గదిలో రెసిన్ గింజలుంటాయి. నీళ్లు వాటిలోంచి వెళ్లేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం ఆ గింజలకి అంటుకుంటాయి, వాటి బదులు సోడియం నీళ్లలోకి వస్తుంది. గింజలు నిండిపోయాక, మీరు వేసిన ఉప్పునీటితో మెషీన్ వాటిని తనంతట తాను కడుక్కుంటుంది. ఉప్పు లేకపోతే ఆ కడుగుడు జరగదు. అప్పుడు గట్టి నీళ్లు గట్టిగానే లోపలికి పోతాయి, వేడెక్కిన చోట సున్నంలా పేరుకుంటాయి. అన్నిటికంటే వేడిగా ఉండేది హీటర్. దాని మీద సున్నం పెంకు కడితే వేడి నీళ్లలోకి పోలేక తీగ లోపలే మాడుతుంది. గీజర్‌లో జరిగేది ఇదే. గీజర్ రాడ్ మీద పేరుకున్న తెల్ల రాయి చూసే ఉంటారు కదా, మీ డిష్‌వాషర్ లోపల కూడా అదే ఉంటుంది.

ఇది మీ తప్పని అనడం లేదు. కొనేటప్పుడు అమ్మినవాళ్లు ఎవరూ ఈ మాట చెప్పరు. 2020 లాక్‌డౌన్‌లో పనిమనుషులు రాలేక, ఎన్నో ఇళ్లు హడావుడిగా డిష్‌వాషర్లు కొన్నాయి. అవే ఇప్పుడు వరసగా మా దగ్గరికి వస్తున్నాయి. ఎక్కువ వాటిలో ఉప్పు డబ్బా ఎండిపోయి ఉంటోంది. చాలామంది "మా ఇంట్లో ఆర్వో ఉందండీ" అంటారు. ఆర్వో తాగే నీళ్లకే, డిష్‌వాషర్‌కి వెళ్లేది ట్యాంకు నీళ్లే.

ఇంకొకటి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, బీరంగూడ దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. ఏడేళ్ల మెషీన్, హీటర్ మాడిపోయింది. "పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి వచ్చేశాను. వాళ్లు అప్పు చేసి కొన్నారు. మూడేళ్లకి మళ్లీ పిలిచారు, కొత్తదాని హీటర్ కూడా మాడింది. నేను మొదటిరోజే నీళ్లు పరీక్షించి ఉంటే, ఆ కుటుంబానికి రెండు మెషీన్ల డబ్బు పోయేది కాదు. అప్పటినుంచి ఎవరి ఇంటికి వెళ్లినా ముందు నీళ్ల గురించే అడుగుతాను.

మీరు కూడా ముందు ఆ పరీక్ష చేయండి. రెండు ఒకేలాంటి సీసాలు తీసుకోండి, ఒకదాంట్లో ఆర్వో నీళ్లు, ఇంకొకదాంట్లో ట్యాప్ నీళ్లు సగం దాకా పోయండి. రెండిట్లోనూ ఒకే కొలతగా బట్టల సబ్బు (డిటర్జెంట్ బిళ్ల కాదు) తురుము వేసి బాగా ఊపండి. ఒకదాంట్లో నురగ నిలిచి, రెండోదాంట్లో విరిగిన పాలలా తెల్లటి తుక్కు తేలితే నీళ్లు గట్టివి. సరిగ్గా అంకె కావాలంటే కాఠిన్యం చూసే స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆర్వో బాగుచేసే అబ్బాయి పెట్టే టీడీఎస్ మీటర్ అంకెని మాత్రం దీనికి వాడకండి. అది కరిగిన లవణాలన్నింటినీ కలిపి చెబుతుంది, కాఠిన్యం ఎంతో చెప్పదు.

అంకె తెలిశాక మెషీన్‌లో నీటి కాఠిన్యం సెట్టింగ్ మార్చాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగ్ చాలా సందర్భాల్లో మన బోరు నీళ్లకి చాలదు. మాన్యువళ్లు జర్మన్ డిగ్రీల్లో చెబుతాయి, ఒక డిగ్రీ అంటే లీటరుకి 17.8 మిల్లీగ్రాములు. 50 డిగ్రీల దాకా పనిచేస్తుందని మాన్యువల్‌లో ఉంటే, అది దాదాపు 890 మిల్లీగ్రాములకి సమానం. మీ నీళ్లు దానికంటే గట్టివైతే ఏ కంపెనీ డిష్‌వాషరూ ఎక్కువ కాలం నిలవదు, ఇంటికో ఆ ట్యాప్‌కో బయట నీళ్ల గట్టితనం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టుకోవాలి. ఉప్పు విషయంలో డిష్‌వాషర్ ఉప్పే వాడండి. వంటింట్లో వాడే అయోడైజ్డ్ మెత్తటి ఉప్పు వేయకండి. అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు రెసిన్‌ని పాడుచేస్తాయి. ఉప్పు వేసేటప్పుడు బయట పడితే తుడిచేసి, వెంటనే ఒక ప్రోగ్రామ్ నడపండి. ఒలికిన ఉప్పునీరు రాత్రంతా నిలిస్తే స్టీలు టబ్బుకే గుంటలు పడతాయి.

పేరుకున్న సున్నం కరిగించడానికి నిమ్మఉప్పు చాలు, కిరాణా కొట్లో దొరుకుతుంది. పంపు బాగుపడ్డాక, ఖాళీ మెషీన్ అడుగున 80 నుంచి 100 గ్రాములు చల్లి, గిన్నెలు, డిటర్జెంట్ ఏమీ పెట్టకుండా మధ్యస్థ వేడి ప్రోగ్రామ్ నడపండి. హీటర్ బాగా లేకపోతే నీళ్లు వేడెక్కవు, సున్నం సగమే కరుగుతుంది, అందుకే ముందు రిపేరు, తర్వాత ఇది. బ్లీచింగ్ లాంటిది ఏదీ దానితో కలపకండి, విషవాయువు వస్తుంది. తెల్లపొర వచ్చిన స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని నిమ్మరసంతో రుద్ది చూడండి. పోతే అది సున్నమే. గాజు గ్లాసుల మీది మసక మాత్రం నిమ్మరసానికి పోకపోతే గాజు ఉపరితలమే కొరుక్కుపోయింది, అది తిరిగి రాదు.

ఇక మీరు అడిగిన లెక్క. ఎనిమిదేళ్లు అన్నారు, కానీ మెషీన్‌కి వయసు ఏళ్లలో చూడకూడదు, ఎన్నిసార్లు నడిచిందో చూడాలి. యూరప్‌లో కరెంటు వాడకం చెప్పే పాత ఎనర్జీ లేబుల్ ఏడాదికి 280 సార్లు వాడతారన్న లెక్క మీద వేసేవారు. అలా ఎనిమిదేళ్లకి 2,240 సార్లు. మీరు రోజుకి రెండుసార్లు వేశారు, అంటే 5,800 దాటింది. చిన్న మెషీన్లకి ఇదే కష్టం. అందులో గిన్నెలు తక్కువ పడతాయి కాబట్టి పెద్దదానికంటే ఎక్కువసార్లు తిప్పుతాం. మీది బాగా పనిచేసిన మెషీన్, అందులో సందేహం లేదు. బాగుచేసినా ఇంకో ఎనిమిదేళ్లు వస్తుందని నేను చెప్పను. నీళ్ల సంగతి చక్కబెడితే రెండు, మూడేళ్లు ఆశించవచ్చు.

కాబట్టి రిపేరు ఖర్చుని ఆ రెండేళ్లతో భాగించండి. కొత్తది 26,000 పెట్టి ఎనిమిదేళ్లు వాడితే ఏడాదికి 3,250. ఇప్పుడు పంపు అడ్డు తీయించి, కొత్త హీటర్ వేయించడానికి 4,000 అయిందనుకోండి, రెండేళ్లకి ఏడాదికి 2,000. బాగుచేయించడమే లాభం. 9,500 అయితే ఏడాదికి 4,750, కొత్తదానికంటే ఎక్కువ. మూడేళ్లు వచ్చినా 3,170 దాకా పడుతుంది, అది కూడా ఇంకేదీ పోకుండా ఉంటేనే. మీ మెషీన్‌కి నేను పెట్టే హద్దు 6,000. అది దాటితే వదిలేయండి. హీటర్, బోర్డు రెండూ పోయాయని మీటరు పెట్టి చూపిస్తే కూడా వదిలేయండి.

కొన్ని మోడళ్లలో హీటర్, వాష్ మోటారు కలిసి ఒకే ముక్కగా వస్తాయి. మీది అలాంటిదైతే ఖర్చు పెరుగుతుంది, పని మొదలుపెట్టకముందే అడగండి. విడి భాగం దొరకదని చెబితే, పాత పంపు బయటికి తీయించి దాని ఒంటి మీద ఉన్న లేబుల్ ఫొటో తీసుకోండి. చిన్న మెషీన్లు చాలావరకు వేరే ఫ్యాక్టరీలో తయారై ఒక్కో పేరుతో అమ్ముడవుతాయి. మెషీన్ మీద పేరు వేరైనా లోపల పంపు అదే అయ్యుండొచ్చు. పంపు నంబరు, వాట్లు, బిగించే చెవుల ఆకారం, పిన్ను సరిపోతే పని జరుగుతుంది.

డబ్బుతో సంబంధం లేకుండా వెంటనే వదిలేయాల్సిన సందర్భం ఒకటే: టబ్బుకి చిల్లు పడటం, లేదా అడుగు భాగం పగిలి నీళ్లు కారడం. మెషీన్ కింద ఉన్న పళ్లెంలో నీళ్లు చేరితే ఒక తేలే స్విచ్ పైకి లేచి మెషీన్‌ని ఆపేస్తుంది, పంపు ఆగకుండా నడుస్తూ ఉంటుంది. అది చూసి కంగారు పడకండి, ముందు కారణం చూడండి. చాలాసార్లు అది సింకు దగ్గర వాడే గిన్నెల లిక్విడ్ పోయడం వల్ల నురగ పొంగి వచ్చినది, లేకపోతే తలుపు రబ్బరు జిడ్డు పట్టినది. తుడిచి, ఆరబెడితే సరిపోతుంది. కానీ స్టీలులో తుప్పు చిల్లు కనిపిస్తే ఎం-సీల్ పెట్టించకండి. గట్టు మీద పెట్టిన మెషీన్ కింద సాకెట్లుంటాయి, మిక్సీ ఉంటుంది. వేడినీళ్లు, కరెంటు ఒకేచోట కారే ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటారని మర్చిపోకండి. ట్రేల మీద రంగు ఊడటం, ట్రే చక్రం విరగడం, తలుపు స్ప్రింగు వదులవడం, ఇవేవీ మెషీన్ మార్చడానికి కారణాలు కావు.

కొత్తది కొంటే కరెంటు బిల్లు తగ్గుతుందని షోరూంలో చెబుతారు. చిన్న మెషీన్ ఒక్కసారికి తినేదే ముప్పావు యూనిట్ అటూఇటూ. కొత్తది పావు యూనిట్ తక్కువ తింటుందనుకున్నా, రోజుకి రెండుసార్లు చొప్పున ఏడాదికి 180 యూనిట్లు, యూనిట్ తొమ్మిది రూపాయలైనా 1,650 దాటదు. అది ఉన్న మేరకు లాభమే, దానికోసం 26,000 పెట్టక్కర్లేదు.

రిపేరు చేయించుకునే హక్కు గురించి రెండు మాటలు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. కంపెనీ భాగాలు ఇవ్వకుండా తిప్పుతుంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. యూరప్‌లో ఉన్న మనవాళ్లకి ఇంకా గట్టి రక్షణ ఉంది. 2021 మార్చి నుంచి అమలైన నియమాల ప్రకారం డిష్‌వాషర్ మోటారు, పంపు, హీటర్, బోర్డు లాంటివి మోడల్ అమ్మకం ఆగాక కనీసం ఏడేళ్లు రిపేరు నిపుణులకి దొరకాలి. తలుపు రబ్బరు, స్ప్రే ఆర్మ్, ట్రేలు పదేళ్లు దొరకాలి. అక్కడ చదువుకుంటున్న పిల్లలు అద్దె ఇంట్లోని చిన్న మెషీన్‌ని పారేసేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఒకవేళ చివరికి కొత్తదే కొనాల్సివస్తే, మీ ఇంటికి నా సలహా వేరు. ఆరుగురికి మళ్లీ గట్టు మీది మెషీన్ తీసుకోవద్దు. గట్టు కింద 45 సెంటీమీటర్ల వెడల్పు జాగా దొరికితే సన్నని పొడుగు మెషీన్ పెట్టండి, తొమ్మిది పది ప్లేస్ సెట్టింగులు పడతాయి, కుక్కర్, బాండీ కూడా కూర్చుంటాయి, రోజుకి ఒకసారితో సరిపోయే రోజులు ఎక్కువ ఉంటాయి. కాకపోతే మీ అత్తగారు కిందికి వంగాల్సి వస్తుంది. ఆవిడ మోకాళ్లకి అది ఇబ్బందైతే ఎత్తులో ఉండేదే మేలు, ఆ విషయం ఆవిణ్నే అడగండి. మెషీన్ వాడేది ఆవిడ కదా. కొన్నరోజే నీళ్ల కాఠిన్యం సెట్ చేయించండి, బిగించడానికి వచ్చిన మనిషి ఆ పని చేశాకే సంతకం పెట్టండి. పాతదాన్ని పాత ఇనుము బండికి ఇవ్వొద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల్లో డిష్‌వాషర్ కూడా ఉంది, అధికారికంగా నమోదైన రీసైక్లర్‌కి ఇవ్వండి. ట్రేలు, స్ప్రే ఆర్మ్‌లు, పనిచేసే పంపు మాత్రం తీసి పెట్టుకోండి, అదే మోడల్ ఉన్నవాళ్లకి ఎవరికైనా పనికొస్తాయి.

ఆదివారం నాడు పంపు చక్రం, డ్రెయిన్ పైపు చూడండి. అడ్డు తీశాక ఒకసారి మెషీన్ నడిపి, ఎన్నో నిమిషంలో ఆగుతుందో గడియారం చూసి రాసుకోండి. మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఆగితే జబ్బు ఇంకా నీళ్లు బయటికి పంపే దగ్గరే ఉంది. పదిహేను ఇరవై నిమిషాలకి ఆగితే వేడెక్కే దగ్గర. చివరిదాకా నడిచి గిన్నెలు చల్లగా వస్తే కూడా వేడెక్కే దగ్గరే. ఆ నిమిషాల లెక్క, మెషీన్ తలుపు అంచున ఉన్న లేబుల్ మీది మోడల్ నంబరు, ఈ రెండూ నాకు పంపండి. హీటర్ విడిగా వస్తుందా, మోటారుతో కలిసి వస్తుందా అన్నది నేను చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ 9,500 అబ్బాయికి అడ్వాన్స్ ఇవ్వకండి.